గొంతు తగ్గించండి అన్న మూడో నియమం

పనికి సెలవైన ఆ ఆదివారం ఉదయం పది గంటలకు సూరత్ గోడాదరాలో, పెళ్ళిళ్ళకూ మీటింగులకూ మా తెలుగు సమాజం వాడుకునే హాలులో ఉన్నవాళ్ళు:

నర్సయ్య, యాభై నాలుగేళ్ళు. సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, ముప్ఫై ఏళ్ళ పని.

శంకర్, ఇరవై తొమ్మిదేళ్ళు. అవే సాంచలు, ఎదురు పాళీ. నర్సయ్య పగలు నడిపితే శంకర్ రాత్రి నడుపుతాడు. పదిహేను రోజులకోసారి పాళీ మారుతుంది.

వాళ్ళ గదిలోనే ఉండే మరో నలుగురు. అందులో ఒకడు వాళ్ళ ఖాతా మాస్టర్‌కు మేనల్లుడు. సాంచల కార్ఖానాను సూరత్‌లో ఖాతా అంటారు.

యాదక్క, మా వాలంటీర్లలో పెద్దది. ఇంట్లో చీరలకు రాళ్ళు అతికించే పని చేస్తుంది.

నేను.

ఉన్నవి: ఎనిమిది ప్లాస్టిక్ కుర్చీలు, ఆరడుగుల దూరంలో, ఒక్కోదాని చుట్టూ సుద్దతో గీసిన గీత. ఎనిమిది మాస్కులు, అన్నీ ముఖాల మీదే. శానిటైజర్ సీసా. జ్వరం చూసే గన్ను, బ్యాటరీ అయిపోయింది. గోడకు నా చేతిరాతతో ఐదు నియమాల కాగితం. మధ్యలో స్టూలు మీద నా ఫోను, అందులో శబ్దం కొలిచే యాప్.

తేలాల్సింది ఒక్కటే. వచ్చే ఆదివారం పాళీ మారేలోపు నర్సయ్య గది ఖాళీ చెయ్యాలా, వద్దా.

గది పోతే పోయేది గది ఒక్కటే కాదు. శంకర్ జోడీగా ఉండనంటే సాంచలు కూడా పోతాయి. అవి కరోనా లాక్‌డౌన్ అయి ఖాతాలు మళ్ళీ తెరిచిన కొత్త రోజులు. కొత్త మనిషిని ఏ గదిలోకీ రానివ్వడం లేదు, ఎక్కడి నుంచి ఏం మోసుకొస్తాడో అన్న భయం. యాభై దాటినవాణ్ణి ఏ కొత్త ఖాతా కూడా తీసుకోవడం లేదు. నర్సయ్యకు అదే ఆఖరి గది, అవే ఆఖరి సాంచలు. ఈ సంగతి ఆ హాలులో అందరికీ తెలుసు.

ముప్ఫై ఒకటికే రిటైర్మెంట్

నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్లొమా చదివాను. ఉన్ అనే చోట ఒక రంగుల మిల్లులో మీటర్లు, సెన్సర్లు సరిచూడటం నా ఉద్యోగం. తగాదాలు కొట్టుకోకుండా తీర్చుకోవడం నేర్పే ఈ వర్క్‌షాపులు సెలవు రోజుల పని, జీతం లేదు. ఎవరైనా మూడేళ్ళకు మించి నడపకూడదని మా గుంపులో ఒక కట్టుబాటు. నా మూడేళ్ళు అయ్యాయి. కొత్తగా వచ్చిన మీరు నోట్సు అడిగారు. రిజిస్టర్లు, సర్టిఫికెట్ల సంగతి వదిలేసి, ఆ పని అసలు ఏమిటో రాస్తున్నాను.

సగం పని ఫోన్లు చెయ్యడం. ఒకడు పగటి పాళీ, ఒకడు రాత్రి పాళీ అయితే ఇద్దరినీ ఒక గంటసేపు ఒకచోట మెలకువగా కూర్చోబెట్టడం చాలా కష్టం. ఇది ఏ శిక్షణలోనూ చెప్పరు. మిగిలిన సగంలో సగం కుర్చీలు వెయ్యడం, తియ్యడం. వినడం అన్న అసలు పని వారానికి నలభై నిమిషాలు ఉంటుంది. ఆ నలభై నిమిషాలలోనే నేను పెద్ద తప్పు చేశాను.

మాకు నేర్పింది ఒక రిటైర్డు గుజరాతీ టీచరమ్మ. అందరం బెన్, అంటే అక్క, అనేవాళ్ళం. మంచి మనిషి, ఓపిక ఎక్కువ. ఆవిడ పాఠాలలో నాకు నచ్చనిది ఉదాహరణలు. మొదటి రోజు అభ్యాసం, ఇద్దరు పొరుగువాళ్ళ మధ్య కారు పార్కింగ్ తగాదా. యాదక్క, ఇంకొకామె ఆ ఇద్దరుగా నటించాలి. యాదక్క లేచి నిలబడి, "ముందుగాల ఆ కారు నాకియ్యుమను బెన్, పార్కింగ్ సంగతి తర్వాత సూద్దాం" అంది. బెన్‌కు నేను హిందీలో చెప్పాను. ఆవిడే అందరికంటే ఎక్కువ నవ్వింది. తర్వాతి వారం నుంచి ఉదాహరణలు మమ్మల్నే తెమ్మంది. మీ పై వాళ్ళలో ఇలా మారేవాళ్ళు దొరికితే వదులుకోకండి.

ఆరుగురు, మూడు పడకలు

నర్సయ్య గదితో నా పరిచయం లాక్‌డౌన్‌లో మొదలైంది. ఆరుగురి గది అది, కానీ పడకలు మూడే. పని రోజుల్లో ఎప్పుడూ ముగ్గురు పనిలో ఉంటారు కనుక మూడు చాలు. ఒకడు లేచి పోతే ఆ చాప మీదే ఇంకొకడు వచ్చి పడుకుంటాడు. సూరత్‌లో మనవాళ్ళ గదులు చాలావరకు ఇదే లెక్కన నడుస్తాయి. ఖాతాలు మూతపడగానే ఆరుగురూ ఒకేసారి గదిలో పడ్డారు. రైళ్ళలో వీళ్ళకు చోటు దొరకలేదు. నాలుగో రోజుకు, కాళ్ళు ఎవరివి ఎవరికి తగిలాయన్న దాని మీద కొట్టుకునే దాకా వచ్చింది.

ఫోనులో స్పీకరు పెట్టించి మాట్లాడాను. వంతులవారీగా మూడేసి నిమిషాలు. అందరూ చెప్పారు, ఏమీ తేలలేదు. చివర్లో నర్సయ్య అందుకున్నాడు. సాంచలు బందైతే ఏమైంది, పాళీలు ఎందుకు బందు చెయ్యాలి, ముగ్గురం పగలు పడుకుందాం, ముగ్గురు రాత్రి పడుకోండి అన్నాడు. రాత్రి మేలుకునే పాళీకి తన పేరే ముందు ఇచ్చాడు. మగ్గం ఒక్కటి కూడా ఆడని ఆ రెండు నెలలూ ఆ గదిలో పగటి పాళీ, రాత్రి పాళీ నడిచాయి. ఉదయం ఏడింటికి ఒకళ్ళను ఒకళ్ళు లేపుకుని చాపలు అప్పగించుకునేవాళ్ళు.

నేను దాన్ని నా మొదటి విజయంగా రాసుకున్నాను. విరుగుడు చెప్పింది నర్సయ్య. ఆ మాట నా నోట్సులో లేదు.

యాప్

మా ఐదు నియమాలలో మూడోది: గొంతు తగ్గించి మాట్లాడాలి. బెన్ మాకు చెప్పింది అంతవరకే. ఎంత తగ్గించాలో చెప్పలేదని నాకు అసంతృప్తి. కొలవనిదాన్ని అదుపు చెయ్యలేమని మిల్లులో నాకు అలవాటైన ఆలోచన. ఫోనులో యాప్ వేసి డెబ్భై డెసిబెల్స్ దగ్గర గీత పెట్టాను. దాటితే బీప్ వస్తుంది. బీప్ వస్తే నేను చెయ్యి ఎత్తుతాను, మాట్లాడేవాళ్ళు ఆగి, తగ్గించి, మళ్ళీ మొదలుపెట్టాలి.

దుకాణదార్ల దగ్గర, కాలేజీ పిల్లల దగ్గర ఇది బాగానే పనిచేసింది. అందుకే నమ్మకం పెరిగింది. సాంచల మనుషులు కూర్చున్నప్పుడు మాత్రం బీప్ ఆగేది కాదు. వీళ్ళకు కోపం ఎక్కువ అనుకున్నాను. రోజుకు పన్నెండు గంటలు ఆ మోతలో ఉండేవాడి మామూలు గొంతే అంత అని నాకు తట్టలేదు. సాంచలు నడిపిన మా నాన్న ఇంట్లో అలాగే మాట్లాడేవాడు. అయినా తట్టలేదు.

మొదటి కూర్చోవడం

తగాదా ఇది. పాళీ మారేటప్పుడు దిగేవాడు ఎక్కేవాడికి సాంచల సంగతి చెప్పిపోవాలి. ఏ సాంచకు పోగులు తెగుతున్నాయి, దేనికి పడుగు చుట్టిన భీము అయిపోవచ్చింది, ఇలాంటివి. ఖాతాలు మళ్ళీ తెరిచాక శంకర్ చెప్పేది నర్సయ్య వినడం లేదు. పిలిస్తే పలకడం లేదు. మూడు వారాలు ఇలా గడిచాక ఒక ఉదయం శంకర్ మూడుసార్లు పిలిచి, పలక్కపోతే వెనుక నుంచి చొక్కా పట్టి లాగాడు. నర్సయ్య తిరిగి చెంప మీద కొట్టాడు. ఖాతా అంతా చూసింది. ఆ సాయంత్రమే శంకర్ నర్సయ్య పెట్టెను మెట్ల మీద పెట్టాడు. మిగతా నలుగురూ అతని పక్షమే.

హాలులో శంకర్ ముందు మాట్లాడాడు. రెండు బీప్‌లు. తర్వాత నర్సయ్య మొదలుపెట్టాడు. మొదటి మాటకే బీప్. నేను చెయ్యెత్తి, "కాకా, జర మెల్లగ" అన్నాను. మళ్ళీ మొదలు, మళ్ళీ బీప్. మూడోసారికి ఆయన ఫోను వంక చూసి, నా వంక చూసి, నోరు మూసుకున్నాడు. ఆ తర్వాత నేనేం అడిగినా తల ఊపాడు. కొట్టడం తప్పని ఒప్పుకుంటావా అంటే ఊపాడు. శంకర్ చెప్పింది అర్థమైందా అంటే ఊపాడు. వచ్చే ఆదివారంలోపు వేరే చోటు చూసుకుంటావా అని శంకర్ అడిగిన మాటను నేను తిరిగి అడిగితే, దానికీ ఊపాడు.

రాశాను. ఇద్దరి సంతకాలు తీసుకున్నాను. నర్సయ్యకు అక్షరాలు రావు, సంతకం మాత్రం వచ్చు. ముప్ఫై ఎనిమిది నిమిషాలలో ముగిసిందని మా వాలంటీర్ల గ్రూపులో పెట్టాను.

ఖాతాలో

కుర్చీలు తీస్తుంటే యాదక్క అడిగింది. "సీనూ, నువ్వు అడుగుడు ఒడవకముందే ఆయన తల ఊపుతుండు. సూసినవా?"

చూడలేదు. నేను కాగితం వంక చూస్తున్నాను.

ఆమె భర్త అదే ఖాతాలో చాలా ఏళ్ళు పనిచేసి పోయాడు. సాంచల మధ్య ఎవరూ చెవులతో వినరని, పెదవులు చూసి, చేతులు చూసి మాట్లాడుకుంటారని ఆమె చెప్పింది. ఆ సంగతి నాకూ తెలుసు, చిన్నప్పుడు చూశాను. నాకు తెలియనిది, ఖాతా బయట కూడా కొందరికి అదే ఆధారమని. ఇప్పుడు అందరి మూతులకూ గుడ్డలు.

మంగళవారం ఉదయం ఏడింటికి ముందే ఇద్దరం ఖాతాకు వెళ్ళాం. శంకర్ దిగిపోయాడు, నర్సయ్య ఎక్కాడు. యాదక్క తలుపు దగ్గర నిలబడి, మాస్కు గడ్డం కిందికి లాగి, గొంతు లేకుండా పెదవులు మాత్రం ఆడించింది. పది అడుగుల దూరం నుంచి నర్సయ్య, ఇంకా తాగలేదన్నట్టు వేలు ఆడించి నవ్వాడు. చాయ్ తాగావా అని ఆమె అడిగిందట.

సాంచలు పక్కవాడికి చూడమని చెప్పి ఆయన సందులోకి వచ్చాడు. మాకంటే ముందు నడుస్తున్నాడు. యాదక్క వెనుక నుంచి గట్టిగా పేరు పెట్టి పిలిచింది. తిరగలేదు. ఇంకా గట్టిగా పిలిచింది. చాయ్ బండివాడు తిరిగి చూశాడు.

ఆమె ముందుకు వెళ్ళి, మాస్కు తీసి, కాగితంలో ఉన్నది ఆయనకు చెప్పింది.

"నేను పోత అన్ననా?" అన్నాడు నర్సయ్య.

"తల ఊపినవ్ కాకా," అన్నాను నేను.

యాదక్క నా మాస్కు వైపు చూపించింది. తీసి మళ్ళీ చెప్పాను.

"ఊపిన. నన్నేమో పెద్దగ మాట్లాడొద్దంటివి. నువ్వేమో మూతికి గుడ్డ గట్టుకొని మాట్లాడవడితివి. ఎప్పుడు ఒడుస్తదా అని ఊపిన."

అది చెప్పేటప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. కాగితం సంగతి తెలిసినా ఆయనకు అంతకంటే పెద్ద భయం ఇంకోటి ఉంది. మా ఇద్దరి చేతులూ పట్టుకున్నంత పని చేసి అడిగింది దాని గురించే. చెవుల సంగతి ఎవరికీ చెప్పొద్దు. మాస్టర్‌కు తెలిస్తే రేపటి నుంచి రావద్దంటాడు. పోగు తెగినా, పోగును అటూ ఇటూ మోసే నాడె తిరగబడినా సాంచ మోత మారుతుంది, దాంతోనే నేసేవాడు పసిగడతాడు. చెవుడున్నవాణ్ణి ఎవరు పెట్టుకుంటారు?

"మరి ఎట్ల నడుపుతున్నవ్?" అని అడిగాను.

"చెయ్యి వెడ్త," అన్నాడు.

మళ్ళీ లోపలికి వెళ్ళాక చూశాను. ఒక్కో సాంచ దగ్గర ఆగి, ఇనుప చట్రం మీద అరచెయ్యి ఆనించి, ఒక క్షణం ఉండి, తర్వాతి దానికి పోతున్నాడు. మూడో సాంచను ఆపి వంగాడు. పోగు తెగి ఉంది. మిల్లులో నేను అదే పనికి వైబ్రేషన్ సెన్సర్లు బిగిస్తాను.

బెన్ అడిగిన ప్రశ్న

నా మొదటి ఆలోచన సూటిగా ఉంది. ఆదివారం అందరినీ కూర్చోబెట్టి, అసలు కారణం చెవులు అని చెప్పేస్తే తగాదా తీరిపోతుంది. మా ఐదో నియమం కూడా అదే: ఏదీ దాచకుండా చెప్పాలి. చెబితే గది నిలబడుతుంది. కానీ మాస్టర్ మేనల్లుడు అదే గదిలో ఉన్నాడు, సాయంత్రానికి సాంచలు పోతాయి. చెప్పకపోతే శంకర్ కారణం లేకుండా వెనక్కి తగ్గాలి. యాదక్కతో సందులోనే వాదించాను. "చెప్పుకుంటె ఆయన చెప్పుకోవాలె. మనం ఎవ్వలం తమ్మీ?" అని ఆమె ఇంటికి వెళ్ళిపోయింది.

పేర్లు చెప్పకుండా బెన్‌కు ఫోను చేశాను. ఆవిడ అంతా విని ఒకటే అడిగింది, ఆ ఒప్పందం వాళ్ళు రాసుకున్నదా, నువ్వు రాసిందా అని. నేనే రాశానన్నాను. అయితే ముందు నీది నువ్వు తీసెయ్యి, వాళ్ళది వాళ్ళు రాసుకుంటారు అంది.

రెండో కూర్చోవడం

గడువు రోజు, ఆదివారం. ఈసారి హాలులో కాదు, మేడ మీద. ఎండ పడేచోట, ఆరడుగుల దూరం, గాలి బాగా ఉంది కనుక మాస్కులు తీసి. యాప్ లేదు. నర్సయ్య పెట్టె కట్టేసి ఉందని గదివాళ్ళు చెప్పారు.

పోయిన వారం రాసిన కాగితం చెల్లదని, తప్పు నాదని చెప్పాను. ఆయన చెప్పేది విననివ్వకుండా నేనే ఆపాను అన్నాను. అది నిజమే. పూర్తి నిజం కాదు.

శంకర్ ఊరుకోలేదు. "మీటరు వెట్టి కొలిచినవ్, సంతకాలు తీసుకున్నవ్. గిప్పుడు చెల్లదంటవ్. ఏం ఇంజినీరువయ్యా నువ్వు?"

"డిప్లొమానే," అన్నాను.

ఇద్దరు ముగ్గురు నవ్వారు. శంకర్ నవ్వలేదు. నర్సయ్య వైపు తిరిగాడు.

"మూడు సార్లు పిలిచిన కాకా. మూడు సార్లు. ఊళ్ళె మా నాయన ముంగట గూడ నేనట్ల నిలవడలే. నేనంటె గంత లెక్కలేదా నీకు?"

నర్సయ్య అతని మూతి వంకే చూస్తున్నాడు. "ఎనుక నుంచి పిలిచినవ్," అన్నాడు.

"ఎనుక నుంచి పిలుస్తె పలుకొద్దా?"

దీనికి ఆయన దగ్గర జవాబు ఉంది, చెప్పలేడు. నేను నోరు తెరవబోతే యాదక్క నా వైపు చూసింది.

"నడుస్తున్న సాంచకాడ ఎనుక నుంచి అంగి గుంజినవ్ బిడ్డా," అన్నాడు నర్సయ్య. కింద వీధిలోకి వినిపించేంత గొంతు. "నా చెయ్యి లోపల ఉండె. ఇంత ఎడం. భయమైంది. భయంల కొట్టిన. కొట్టుడు తప్పే, అందరి ముంగట కొట్టుడు ఇంక తప్పు."

శంకర్ ఏదో గొణుగుతూ పిట్టగోడ వైపు ముఖం తిప్పుకున్నాడు. నర్సయ్య పలకలేదు. ఇటు తిరిగి ఆయనను చూశాడు శంకర్. ఆయన కళ్ళు ఎక్కడున్నాయో చూశాడు. పదేళ్ళుగా సాంచల మధ్య పెదవులు చదివే మనిషి అతను కూడా. గొంతు లేకుండా ఏదో అన్నాడు, రెండు మాటలో మూడు మాటలో. నర్సయ్య తల దించుకుని, మెల్లగా చెయ్యి అడ్డంగా ఊపాడు. ఏమన్నాడో నేను అప్పుడూ అడగలేదు, తర్వాతా అడగలేదు. మిగతా నలుగురు ఫోన్లలో ఉన్నారు.

శంకర్ పైకి అన్న మాట ఇది: "ఇగ నుంచి పాళీ మారేటప్పుడు లోపల చెప్ప. గేటు బయట నిలవడి, మాస్కు తీసి, ఎదురుంగ చెప్త. నువ్వు గూడ అట్లనే చెప్పాలె."

మాస్టర్ మేనల్లుడు తల ఎత్తాడు. "బయటికెందుకురా?"

"లోపల ఉడుకపోస్తది. నీకేమైతున్నది?"

కొత్త కాగితం వాళ్ళే చెప్పారు, నేను రాశాను. గేటు బయట అప్పగింత. నడుస్తున్న సాంచ దగ్గర ఎవరూ ఎవరినీ వెనుక నుంచి ముట్టుకోవద్దు. పెట్టె లోపలికి. రాశాక నేను చదవలేదు. ఏం ఒప్పుకున్నారో ఒక్కొక్కళ్ళను తమ మాటల్లో తిరిగి చెప్పమన్నాను. నర్సయ్య అందరికంటే గట్టిగా చెప్పాడు.

మీకు చెప్పదలిచినవి

తల ఊపడాన్ని ఒప్పుకోవడంగా రాయకండి. తిరిగి చెప్పించండి. టైము పడుతుంది, పట్టనివ్వండి.

మూడో నియమాన్ని నేను కాగితం నుంచి కొట్టేశాను. దాని బదులు, ప్రతివాళ్ళ ముఖం ప్రతివాళ్ళకూ కనిపించేలా కూర్చోవాలి అని రాశాను. గట్టిగా మాట్లాడేవాణ్ణి మాట్లాడనివ్వండి. కోపం వచ్చినవాడు చాలాసార్లు గొంతు తగ్గిస్తాడు, ఇది నేను ఆ తర్వాత గమనించింది.

ఐదో నియమం ఇంకా కాగితం మీద ఉంది. నాకు దాని మీద నమ్మకం సగమే. చెవులు సరిగా వినపడని మనిషిని సాంచల మధ్య ఉండనిచ్చి నోరు మూసుకున్నాం. అది సరైనదేనా అంటే, ప్రమాదం ఏదైనా జరిగి ఉంటే నేను ఈ కాగితం వేరేగా రాసేవాణ్ణి. జరగలేదు. జరగకపోవడం మా గొప్ప కాదు. మీకు ఇలాంటిది ఎదురైతే నా దగ్గర రెడీగా జవాబు లేదు, యాదక్కను అడగండి.

నర్సయ్య చివరికి ఆ గది వదిలాడు, ఎవరో పంపితే కాదు. చాలనిపించి తనే ఊరికి పోయాడు. పెట్టెను బస్సు దాకా శంకర్ మోశాడు. మేడ మీద కూర్చున్న ఆదివారం నుంచి లెక్కపెడితే, ఆయన ఆ గదిలో ఉన్నది పద్నాలుగు నెలలు.